అరవై ఫోటోలు ఇరవై మూడయిన కథ: ఒక షష్టిపూర్తి కొలాజ్ కేస్ స్టడీ

మారతహళ్లిలో ఉండే ఒకమ్మాయి ప్లాస్టిక్ కవరు నిండా ఫోటోలు, ఒక పెన్‌డ్రైవ్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. “అన్నా, మా నాన్నకి 60 నిండుతున్నాయి. 60 ఫోటోలతో ఒక పెద్ద కొలాజ్ చేయాలి. ఏ ఒక్కటీ వదలకూడదు” అంది. వాళ్లది మదనపల్లె. నాన్న తెలుగు మాస్టారు. ఫంక్షన్ మాత్రం ఇక్కడే, బెంగళూరులో, 12 రోజుల్లో. సైజు కూడా తనే చెప్పింది: 36 ఇంచుల వెడల్పు, 24 ఇంచుల ఎత్తు. మ్యాట్ లామినేషన్ చేసి, ఎండీఎఫ్ బోర్డు మీద అంటించి, చుట్టూ ఫ్రేము కట్టాలి. ముందు స్టేజీ పక్కన పెడతారు, తర్వాత మదనపల్లె ఇంట్లో హాలు గోడకి తగిలిస్తారు.

కె.ఆర్.పురంలో నా డిజైన్ గదికి వచ్చేవాళ్లలో సగం మంది ఇలాంటి తెలుగువాళ్లే. కొలాజ్‌లు లెక్కలేనన్ని చేశాను. అయినా ఈ పని గురించి రాయడానికి కారణం, ఇందులో నా తప్పూ ఉంది, ఆ తప్పు వల్ల గైడ్‌ల గురించి నేను అనుకున్నది మారడమూ ఉంది. అంతకుముందు నాకు గైడ్ అంటే ఫోటోషాప్‌లో ఫోటోలు వంకర పోకుండా పెట్టుకునే నీలిగీత, అంతే. ఇప్పుడు ప్రతి గీతనీ ఎందుకు గీస్తున్నానో చెప్పలేకపోతే గీయను.

మొదటి డిజైన్, అమ్మ అడిగిన ప్రశ్న

60 ఫోటోలు అన్నారు కదా అని 10 నిలువు వరసలు, 6 అడ్డ వరసలు వేశాను. చుట్టూ ఇంచు మార్జిన్, ఫోటోకీ ఫోటోకీ మధ్య పావు ఇంచు గట్టర్. మిగిలిన 34 ఇంచుల్లోంచి తొమ్మిది గట్టర్లు తీసేస్తే 31.75. పదితో భాగిస్తే ఒక్కో గడి వెడల్పు 3.175 ఇంచులు. ఎత్తు అదే లెక్కన 3.46 ఇంచులు. గడి దాదాపు చదరం. ఆమె తెచ్చిన వాటిలో మూడొంతులు అడ్డం ఫోటోలు, అవన్నీ రెండు పక్కలా తెగాయి. స్క్రీన్ మీద చూస్తే మాత్రం ముచ్చటగానే ఉంది, చెక్కేసినట్టు సమానంగా. ఆ అమ్మాయికీ నచ్చింది.

నాకు ఒక అలవాటుంది. పెద్ద ప్రింటు ఏదైనా ముందు సగం సైజులో తీసి చూస్తాను. 36 x 24లో సగం అంటే 18 x 12. అది డిజిటల్ ప్రింటు షాపుల్లో దొరికే 13 x 19 షీటు మీద హాయిగా పడుతుంది, ఖర్చూ తక్కువ. సగం సైజు కాబట్టి సగం దూరం నుంచి చూడాలి. హాల్లో ఆరడుగుల దూరం నుంచి చూస్తారనుకుంటే, ఈ ప్రూఫ్‌ని గోడకి అంటించి మూడడుగుల దూరంలో నిలబడి చూస్తే సరిపోతుంది. స్క్రీన్‌ని జూమ్ చేసుకుంటూ చూసినదాన్ని నమ్మడం కన్నా ఇది వెయ్యి రెట్లు మేలు.

ప్రూఫ్ చూడటానికి ఆ అమ్మాయి వాళ్లమ్మని కూడా వెంటబెట్టుకుని వచ్చింది. ఆమె గోడ ముందు నిలబడి చాలాసేపు చూసి, “ఇందులో నేను యాడుండా నాయనా?” అంది.

ఆమె పదిహేడు ఫోటోల్లో ఉంది. కానీ అందులో ఎక్కువ గ్రూప్ ఫోటోలు. పదిహేను మంది రెండు వరసల్లో నిలబడిన ఫోటోని మూడించుల గడిలో పెడితే ఒక్కో తల మినపగింజంత అవుతుంది. ఆరడుగుల దూరం నుంచి అది మొహం కాదు, చుక్క. తన పెళ్లి ఫోటో కూడా, పక్కనున్న మేనల్లుడి బర్త్‌డే కేకు సైజులోనే ఉంది. 60 గడులూ సమానమైతే కన్ను ఎక్కడ ఆగాలో తెలియదు. ఏది ముఖ్యమో చెప్పని కొలాజ్ గోడకి వేసిన టైల్స్ లాంటిది.

ఫోటోలు తగ్గిద్దామంటే కూతురు ఒప్పుకోవడానికి ఇంకో రోజు పట్టింది. మేనత్త వాళ్ల ఫోటో తీసేస్తే గొడవలవుతాయని టెన్షన్. అది నేను తీర్చగలిగే సమస్య కాదు. మిగిలిన ఫోటోలన్నీ ఫంక్షన్ హాల్ ఎల్‌ఈడీ స్క్రీన్ మీద స్లైడ్ షోగా వేద్దాం, ఎవరూ బయటికి పోరు అని చెప్పాను. ఏవి ఉంచాలో నేను ఎంచలేదు. అమ్మని కూర్చోబెట్టి ఫోటోలన్నీ టేబుల్ మీద పరిచి, “ఇవి చూసి మీరు కథ చెప్పగలిగినవి మాత్రం పక్కన పెట్టండి” అన్నాను. 23 తేలాయి. 37 స్లైడ్ షోకి వెళ్లాయి. మేనత్త నిలిచింది.

గడి కొలత ఎక్కణ్నుంచి వచ్చింది

రెండోసారి గీతలతో కాకుండా ఫోటోలతో మొదలుపెట్టాను. ఎంచిన 23లో ఏ ఆకారాలున్నాయో చూసుకున్నాను. మాస్టారి చిన్నప్పటివి నాలుగు, ఆగ్ఫా క్లిక్ 3 కెమెరాతో తీసిన బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు. 120 ఫిల్మ్ మీద ఆరు సెంటీమీటర్ల చదరం, రోలుకి పన్నెండు ఫోటోలు. తొంభైల నాటి 4 x 6 కలర్ ప్రింట్లు కొన్ని. అవి రెండుకి మూడు నిష్పత్తి, డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా ఫోటోలూ ఎక్కువగా అదే. ఫోన్ ఫోటోలు మూడుకి నాలుగు. అంటే మూడు రకాల ఆకారాలు. ఒక గడిని రకరకాలుగా కలిపితే ఈ మూడూ రావాలి. అప్పుడే ఎవరి చెవో మోచెయ్యో కొయ్యాల్సిన పని ఉండదు.

కాసేపు కాగితం మీద కుస్తీ పడితే తేలింది: గడి 2.5 ఇంచుల చదరం, గట్టర్ పావు ఇంచు. రెండు గడులు కలిపితే మధ్య గట్టర్‌తో సహా 5.25, మూడు కలిపితే 8, నాలుగైతే 10.75. ఇప్పుడు చూడండి. రెండు బై రెండు చదరం, క్లిక్ 3 ఫోటోలకి సరిగ్గా సరిపోతుంది. మూడు బై రెండు అంటే 8 x 5.25, నిష్పత్తి 1.52, 4 x 6 ప్రింటు దాదాపు కోత లేకుండా కూర్చుంటుంది. నాలుగు బై మూడు అంటే 10.75 x 8, నిష్పత్తి 1.34, ఫోన్ ఫోటో అచ్చంగా పడుతుంది. గట్టర్ మారిస్తే ఈ పొందిక చెడిపోతుంది. అర ఇంచు పెట్టి చూశాను, ఫోటోలు ఒకదానికొకటి చుట్టరికం లేనట్టు విడిపోయాయి. పావు ఇంచే ఉంచాను.

అలాంటి గడులు అడ్డంగా 12, నిలువుగా 7. మొత్తం 84. వెడల్పు 32.75 అయింది, కాబట్టి ఎడమా కుడీ మార్జిన్ 1.625 చొప్పున మిగిలింది. ఎత్తు 19. పైన కూడా అదే 1.625 ఉంచి, మిగిలిన 3.375 మొత్తం కింద వదిలాను, పేరూ తేదీ రాయడానికి.

పేర్చడం ఇలా కుదిరింది. నట్టనడుమ నాలుగు బై మూడు గడుల పెద్ద ఫోటో: మదనపల్లె ఇంటి వసారాలో మాస్టారూ అమ్మా కూర్చున్నది. దాని పైన రెండు, కింద రెండు చదరాలు. రెండు పక్కలా నాలుగేసి నిలువు వరసలు. ఒక్కో పక్క మీదా కిందా ఒక్కో అడ్డం ఫోటో, మధ్యలో ఒక నిలువు ఫోటో, దాని పక్కన చదరం, సందుల్లో ఒంటి గడులు. ఒంటి గడులు పన్నెండు మిగిలితే పదింట్లోనే ఫోటోలు పెట్టాను. రెండు ఖాళీ. “అన్నా, అక్కడ పెట్టడానికి ఇంకో రెండు ఫోటోలున్నాయి కదా” అని ఆ అమ్మాయి ఫోన్ చేసింది. పెట్టలేదు. నిండా మూటగట్టిన సంచికి చెయ్యి దూరే సందు ఉండాలి కదా!

ఫోటోషాప్‌లో ఇదంతా ఒక్కొక్క గీతగా లాగాల్సిన పనిలేదు. వ్యూ మెనూలో న్యూ గైడ్ లేఅవుట్ అని ఉంటుంది. అందులో కాలమ్‌లు 12, వెడల్పు 2.5, గట్టర్ 0.25, అలాగే వరసలు 7, చుట్టూ మార్జిన్ నింపితే గీతలన్నీ ఒక్కసారే పడతాయి. స్నాప్ ఆన్‌లో ఉంటే ఫోటో గీతకి తనే అతుక్కుంటుంది. కంట్రోల్, సెమికోలన్ కలిపి నొక్కితే గీతలు మాయమై, బొమ్మ ఎలా ఉందో కనిపిస్తుంది. నేను గంటకి పదిసార్లయినా అది నొక్కుతాను. గీతలున్నప్పుడు బాగున్నట్టు అనిపించేది గీతలు తీస్తే బాగుండకపోవచ్చు.

పిక్సెళ్ల లెక్క, ఒక వాట్సాప్ ఫోటో

గడి సైజు తెలిస్తే ఏ ఫోటో ఎక్కడ పెట్టకూడదో కూడా తెలుస్తుంది. గోడ మీద చూసే బొమ్మకి ఇంచుకి 200 పిక్సెళ్లు నా కనీస హద్దు. ఫైల్ మాత్రం 300లో చేస్తాను. వసారా ఫోటో ఆ అమ్మాయి పంపింది వాట్సాప్‌లో వచ్చింది, 1280 x 960. దాన్ని 10.75 ఇంచుల్లో పరిస్తే ఇంచుకి 119 పిక్సెళ్లే. మాస్టారి మీసం మెత్తగా అలికినట్టు అయిపోతుంది. అసలు ఫోటో ఎవరి ఫోన్‌లో ఉందో కనుక్కుంటే వాళ్ల తమ్ముడి దగ్గర దొరికింది. డాక్యుమెంట్‌గా పంపించుకుంటే 4000 x 3000, ఇంచుకి 372. సమస్య తీరింది. అసలు దొరకని వాట్సాప్ ఫోటోలు మూడున్నాయి. వాటికి ఒంటి గడులు ఇచ్చాను. 2.5 ఇంచుల్లో 960 పిక్సెళ్లంటే కావలసినదానికన్నా ఎక్కువే.

పాత చదరపు ప్రింట్లు ఒక్కోటి రెండుంబావు ఇంచులే. 600లో స్కాన్ చేస్తే 1350 పిక్సెళ్లు వచ్చాయి. 5.25 ఇంచుల గడిలో ఇంచుకి 257. అంతకన్నా ఎక్కువలో స్కాన్ చేసి చూశాను, కాగితం గరుకుతనం తప్ప కొత్తగా ఏమీ రాలేదు. తొంభైల కలర్ ప్రింట్లు ఎర్రబారి ఉన్నాయి. వాటిని పూర్తిగా కొత్తగా మార్చకుండా, చర్మం రంగు చర్మంలా కనిపించేవరకే దిద్దాను.

మొహాలకీ గీత ఉంటుంది

గడుల అంచులు కలిసినంత మాత్రాన ఫోటోలు కలవవు. పక్కపక్క గడుల్లో ఒకరి కళ్లు గడి పైభాగంలో, ఇంకొకరివి మధ్యలో ఉంటే వరస ఎగుడుదిగుడుగానే కనిపిస్తుంది. అందుకని మనుషులు దగ్గరగా ఉన్న ఫోటోలకి గడిలో పైనుంచి మూడో వంతు దగ్గర ఇంకో గైడ్ పెట్టి, కళ్లు ఆ గీత మీద పడేలా ఫోటోని మాస్కు (గడి మేరకే ఫోటో కనిపించేలా చేసే తెర) లోపల జరిపాను. తలల సైజు కూడా పక్కపక్కన మరీ తేడా లేకుండా చూసుకున్నాను. దీనికి పట్టిన టైము మిగతా అన్నిటికన్నా ఎక్కువ.

చూపు దిక్కు ఇంకో సంగతి. బోర్డు ఎడమ అంచున ఉన్న మనిషి ఎడమకే చూస్తుంటే, చూసేవాడి కన్ను కూడా బోర్డు దాటి గోడ మీదకి పోతుంది. అంచుల్లో ఉన్నవాళ్లు లోపలికి చూడాలి. అమ్మ ఫోటో ఒకటి అలా ఎడమకి చూస్తున్నది ఎడమ అంచున పడింది. చాలామంది ఇలాంటప్పుడు ఫోటోని తిరగేస్తారు, ఒక్క క్లిక్ పని. నేను తిరగెయ్యను. తిరగేస్తే పైట కుడి భుజం మీదకి వస్తుంది, గడియారం చెయ్యి మారుతుంది, వెనక బోర్డు ఉంటే అక్షరాలు అద్దంలో చూసినట్టు అవుతాయి. డిజైనర్‌కి తెలియకపోవచ్చు కానీ ఆ చీర కట్టుకున్నావిడ చూసిన మరుక్షణం పట్టేస్తుంది. ఆ ఫోటోని కుడి పక్కకి మార్చి, అక్కడిది ఇక్కడ పెట్టాను.

కింది రాతలో ఒక తకరారు. వాళ్లు రాసిచ్చిన కాగితంలో “షష్ఠిపూర్తి” అని ఉంది. షష్ఠి అంటే ఆరో తిథి, 60కి షష్టి. తెలుగు మాస్టారి బోర్డు మీద ఒత్తు తప్పు పడితే వచ్చినవాళ్లందరికీ ఆయన పాఠం చెబుతూ కూర్చుంటారు. “ఏమోన్నా, కార్డులో కూడా అట్లే వేయించినాం” అంది ఆ అమ్మాయి. ఫోన్‌లో అరగంట వాదన తర్వాత బోర్డు వరకైనా మార్చడానికి ఒప్పుకుంది. తెలుగు రాతకి కింద వత్తులూ పైన గుడులూ ఉంటాయి కాబట్టి ఇంగ్లీషు కొలతతో వరసల మధ్య ఎడం పెడితే పై వరస వత్తు కింది వరస గుడికి తగులుతుంది. అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లు ఎడం వదిలాను. పాత ఫోటోషాప్ వెర్షన్లలో వత్తులు విడిపోయి కనిపిస్తే ప్రిఫరెన్సెస్‌లో టైప్ సెట్టింగ్ దక్షిణాసియా భాషలకి మార్చుకోవాలి. ఫాంటు మండలి వాడాను.

నేను చేసిన తప్పు

ఇంతా చేసి, డిజైన్ మరీ బోసిగా ఉందనిపించి, ప్రింటుకి పంపే ముందు చుట్టూ ఒక సన్నటి బంగారు రంగు గీత పెట్టాను. అంచుకి 6 మిల్లీమీటర్ల లోపల. స్క్రీన్ మీద పట్టుచీర అంచులా మెరిసింది.

ప్రింటు, లామినేషన్ బాగానే వచ్చాయి. ఎండీఎఫ్ మీద అంటించి కోసే చోట కత్తి కొద్దిగా జరిగింది. ఎంతో కాదు, 2 మిల్లీమీటర్లు. అయితే 6 మిల్లీమీటర్ల దూరంలో గీత ఉన్నప్పుడు 2 జరిగితే ఒక పక్క 4, ఇంకో పక్క 8 అవుతుంది. అంటే ఒక అంచు ఇంకోదానికి రెట్టింపు. ఆ పైన ఫ్రేము పెదవి, అంటే బొమ్మ మీదకి వచ్చే దాని లోపలి అంచు, చుట్టూ పావు ఇంచు దాకా కప్పుతుంది. పావు ఇంచంటే 6 మిల్లీమీటర్ల పైచిలుకు. దాంతో ఒక పక్క గీత ఫ్రేము కింద మాయమైంది, ఎదుటి పక్క సన్నగా మెరుస్తోంది. ఎంత మంచి ఫోటోలు పెట్టినా, చూసేవాళ్ల కన్ను ముందు ఆ వంకర మీదకే పోతుంది. కోసినాయన్ని అడిగితే “స్వల్ప అడ్జస్ట్ మాడి సార్” అన్నాడు, కొంచెం సర్దుకోండి అని. ఆయన్ని అనడానికి లేదు. ఎంత నేర్పున్నా చేత్తో కోసే పనిలో అంత తేడా వస్తుంది, బ్లీడ్ అనేది, అంటే కోత గీత దాటి అదనంగా వదిలే బొమ్మ అంచు, ఉన్నదే అందుకు. తేడా వస్తుందని తెలిసీ, ఆ తేడాని ఎత్తి చూపించే గీతని అంచు పక్కనే పెట్టింది నేను.

రెండోసారి ప్రింటు నా డబ్బుతోనే తీయించాను. బంగారు గీత తీసేశాను. 1.625 ఇంచుల మార్జిన్ అంటే 41 మిల్లీమీటర్లు. అక్కడ 2 జరిగితే ఒక పక్క 39, ఇంకో పక్క 43. స్కేలు పెట్టి కొలిస్తే తప్ప ఎవరికీ తెలియదు. తేడా అంతే ఉంది, కనిపించడం పోయింది.

ఫైలు కూడా మళ్లీ కట్టాను. నాలుగు పక్కలా ఇంచులో ఎనిమిదో వంతు, అంటే సుమారు 3 మిల్లీమీటర్ల బ్లీడ్ కలిపితే 36.25 x 24.25 ఇంచులు, 300లో 10875 x 7275 పిక్సెళ్లు. గైడ్ లేఅవుట్‌లో మార్జిన్లు పైనా పక్కలా 1.75, కింద 3.5 అయ్యాయి. ఇప్పుడు ఫైల్లో గీతలు నాలుగు రకాలు: కత్తి తగిలేది, ఫ్రేము పెదవి కప్పేది, గడులవి, కళ్లవి. మొదటి రెండూ నేను నిర్ణయించేవి కావు. కోసే ఆయన్నీ ఫ్రేము కట్టే ఆయన్నీ అడిగి గీయాల్సినవి. ఇదివరకు నేను అడగకుండా వేసేవాణ్ని. ఇంకోటి, ప్రింటు షాపులో రోల్ వెడల్పు కూడా ముందే అడగాలి. 24 ఇంచుల రోల్ మీద 24.25 పట్టదు. చెప్పకపోతే వాళ్లు బొమ్మని కుదించో, అంచు కోసో సర్దేస్తారు. ఈసారి వెడల్పు రోల్ మీదే వేయించాను.

ఫ్రేము ఫంక్షన్‌కి ముందురోజు సాయంత్రం చేతికొచ్చింది. నేనే ఆటోలో తీసుకెళ్లి హాల్లో దించాను. డెకరేషన్ కుర్రాడు అప్పటికే బంతిపూల దండ ఒకటి పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు, ఫ్రేము చుట్టూ వెయ్యడానికి. అమ్మ స్టేజీ మీంచి చూసి ఒక్క కేక వేసింది. “బతికున్న మనిషి ఫోటోకి దండేంది నాయనా!” వాడు ఖంగుతిని దండ తీసేసి, మర్నాటి పొద్దుటికి ఆ పూలన్నిటినీ ఫ్రేము అడుగున గుబురుగా పేర్చాడు. సరిగ్గా మూడున్నర ఇంచుల ఎత్తున. నేను అరగంట వాదించి మార్పించిన “షష్టిపూర్తి” మొత్తం బంతిపూల వెనక్కి పోయింది. మాస్టారు ఫోటోల ముందు చాలాసేపు నిలబడి, వసారా ఫోటో ఎవరు తీశారని అడిగారు. ఒత్తు మాట ఎత్తలేదు, ఎత్తడానికి అది కనిపిస్తేగా.